సగం కోర్టు

టెక్కలి ఆసుపత్రి, ఎక్స్‌రే గది.
చల్లటి పలకకు ఛాతీ ఆనించి
"లోపలేటి కనపడతాది బాబూ?" అన్నాడు దాలయ్య.
ఇరవయ్యేళ్లు నీలిరాయి కోసిన మనిషి,
కనురెప్పల మీద ఇంకా క్వారీ.

ఏం చెప్పను?
ముప్పై కోట్ల గాలిబుడగలు,
విప్పి నేలమీద పరిస్తే
సగం కబడ్డీ కోర్టు.
ఉల్లిపొర కన్నా పల్చని గోడ.
అవతల, ఒక్కో కణమే పట్టే సందులో
నెత్తురు ఒంగి ఒంగి వస్తుంది,
ఒళ్లంతా తిరిగి తెచ్చిన చెడుగాలి దించి
మంచిగాలి ఎత్తుకుని పోతుంది.
కాటా లేదు, తలుపు లేదు.
ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి:
ఊళ్లో ఎన్నడూ జరగని పంపకం
సెకనైనా పట్టదిక్కడ.

ఆ పొర మీద రాయి పేరుకుంటే?
అది చెప్పలేదు.
"కబడ్డీ ఆడీవోడివా మావా?" అన్నాను.
నవ్వాడు, దగ్గాడు.
"నౌపడ జట్టు. ఒక్క కూతలో
నలుగుర్ని ఔట్ సేసి గీత తాకీవోడ్ని."

"అయితే పీల్చు. బిగబట్టు."

మీట నొక్కాను.
తెర మీద నెమ్మదిగా తేలింది
అతని సగం కోర్టు,
ఎవరో గుప్పెళ్లతో సున్నం చల్లినట్టు.
చూస్తూ చూస్తూ
వదలమనడం మరిచాను.

అద్దం అవతల దాలయ్య,
భుజాలు వణుకుతున్నా
ఇంకా గీత తాకలేదు.