తూర్పు గోడ

నుకుస్ దాటి మూడు గంటలయ్యాక తారు అయిపోయింది.
ఆపైన దారి అంటే
అయిత్‌మురాత్ మాటే.
స్టీరింగ్ మీంచి బొటనవేలు లేపి
"అక్కడ" అంటాడు.
అక్కడ ఉప్పు పొంగిన నేల,
సాక్సౌల్ పొదలు,
ఎవరిదో తెలీని ఒంటె.

నాలుగోసారి టైరు కూరుకుపోయినప్పుడు
ఇద్దరం బోర్లా పడుకుని చేతుల్తో తవ్వాం.
మోచేతి లోతున ఇసుక చల్లగా తగిలింది.
తలెత్తితే కోట.
మా కోసం చూస్తున్నట్టేం లేదు,
చీమలు సగం తిని వదిలేసిన
బెల్లపు అచ్చులా ఉంది.

సర్వే శాఖలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి.
చేతిలో గొలుసు లేకున్నా కాళ్లు కొలుస్తాయి.
ఉత్తరం గోడ రెండొందల పన్నెండు అడుగులేశాను.
తూర్పున లెక్క తప్పింది.
గోడ ఎక్కడ ఆగి
దిబ్బ ఎక్కడ మొదలైందో
ఏ అమీనూ తేల్చలేడు.

కాల్చని ఇటుక,
మూరకి బెత్తెడు తక్కువ.
ఒకదాని మీద వేలితో గీసిన గుర్తు,
నెలవంకకి తోక తగిలించినట్టు.
ఇంకోదాని మీద కుక్క అడుగు.
ఆరబెట్టిన వరసల మీదుగా
తిట్లు తింటూ పరిగెత్తి ఉంటుంది ఏ పూటో.
ఇది కట్టించిన రాజెవరని అడిగితే
అయిత్‌మురాత్ భుజాలెగరేశాడు.
కుక్క పేరూ తెలీదన్నాడు.

గోడ చాటున గుడారం వేశాం.
గాలికి మేకులు నిలవక
నీళ్ల డబ్బాలు కట్టాం.
దిగువ ఇంటి నుంచి బీబీసారా వచ్చింది,
తలగుడ్డ కొసతో కళ్లలో ఇసుక తుడుచుకుంటూ.
నా ఇల్లుండగా గుడ్డసంచిలో పడుకుంటారా
అందట.
ఇంకా ఏదో అంది, అతను తర్జుమా చెయ్యలేదు.

పొయ్యి ముందు కూర్చున్నాం.
నడుము దాకా లోపలికి వంగి
రొట్టెని మట్టిగోడకి చరుస్తుంది,
లేచేసరికి కనుబొమల నిండా బూడిద.
కొత్త పొయ్యి. పోయిన వసంతంలో
వానకి కోట తూర్పు మూల జారిందట.
బాగా మాగిన మట్టి, బీటలివ్వదని
మేకబొచ్చు కలిపి తొక్కి
తొమ్మిది రోజులు పట్టి చేసిందట.

నా లోపలి ఉద్యోగి ఉలిక్కిపడ్డాడు.
రక్షిత కట్టడం, ముట్టరాదు, శిక్షార్హులు...
నోటిదాకా వచ్చిందంతా
వేడి రొట్టె తుంపుకి దారిచ్చి తప్పుకుంది.
అడుగున అంటిన మట్టి పలుకు
పంటి కింద కరకరమంది.
ఉమ్మలేదు.
కూడూ గూడూ అని జంటగా అనేస్తాం గానీ
ఒకటి రెండోదయ్యే చోటికి రావడం
నాకిదే మొదలు.

రాత్రంతా గాలి.
గుడారం గుడ్డ మీద
సన్నగా, ఆగి ఆగి,
గోడ రాలుతున్న చప్పుడు.
రెండుసార్లు లేచి టార్చి వేశాను, దేనికో.

తెల్లారి ఆమె మూట కట్టిచ్చిన రొట్టెలు
వెనకసీట్లో వెచ్చగా ఊగుతుంటే
కుదుపుల్లోనే పుస్తకం తీశాను.
ఉత్తరం గోడ: రెండొందల పన్నెండు.
తూర్పు గోడ ఎదురుగా
కాసేపు పెన్ను ఆగింది.
తర్వాత రాశాను:
పొయ్యి వరకు.