నీటి గీత

నెలకు రెండు శనివారాలు నావి.
పదిన్నరకి జెమున్ స్టాపులో బస్సు దిగుతుంది విష్న్యా,
వీపున సంచి,
సంచిలో వాళ్లమ్మ మడత నలగకుండా పెట్టిన స్వెట్టర్.
సాయంత్రం ఆరింటికి మళ్లీ అదే నంబరు బస్సు.
మధ్యలో ఏడున్నర గంటలు.
అన్ని గంటలకు సరిపడా ఊరుండాలి కదా.

మొదట్లో ఉండేది.
గార్దోష్ గుట్ట, గుట్ట మీద ఇటుకల బురుజు,
పైకెక్కితే కాళ్ల కింద ఎర్ర పెంకుల కప్పులు
వాకిట్లో ఎండబోసిన మిరపకాయల్లా,
వాటికవతల తొందరేమీ లేని డాన్యూబ్.
గైడులా గొంతు సవరించుకున్నాను:
"ఒకప్పుడు ఇటు ఒక రాజ్యం, నది దాటితే ఇంకో రాజ్యం.
అటునించి వచ్చినవాళ్లని
జబ్బులేమీ లేవని తేలేదాకా
రోజుల తరబడి ఇక్కడే ఆపేసేవాళ్లు."
"అమ్మ ఇంటినించి వచ్చినవాళ్లని కూడానా?"

అంత నది పక్కన పెట్టుకుని
నేను నీళ్లు నమిలాను.

తర్వాత హంసలు.
తర్వాత మిలెవా బండి దగ్గర పుల్లచెర్రీ ఐస్‌క్రీము,
తన పేరున్న పండే కావాలని పంతం.
అద్దె సైకిళ్లు, ఒకటి గొలుసు ఊడింది.
చేపల పులుసు, ఎర్రగా, ముక్కు కారేంత కారం,
పక్క బల్ల మీద పెళ్లివాళ్లు,
అకార్డియన్ వాయించేవాడు మా దగ్గరికొచ్చి
"మీ అమ్మగారికి ఏ పాట ఇష్టం, పాపా?" అన్నాడు.
అది పాట పేరు చెప్పింది.
నాకు తెలియని పాట.

పదకొండోసారి బురుజెక్కేసరికి
మెట్ల లెక్క నాకంటే దానికే బాగా తెలుసు.
ఎవరో ఒళ్లంతా చెమటతో ఎక్కి వచ్చిన యాత్రికులకి
ఆరిందాలా చెబుతోంది:
"ఇక్కడో గుర్రం ఉండేది. గుడ్డిది.
వాసన పట్టి ఓడల్ని గుర్తుపట్టేది."
వాళ్లు కిటికీలోంచి గుర్రాన్ని కూడా ఫొటో తీసుకున్నారు.
నేను కాదనలేదు.
చూసినవన్నీ అయిపోయాక
చూడనివాటితోనే కదా గడవాలి.

చివరికెప్పుడూ రేవు వెనక సందు.
వల బాగుచేసే ఒబ్రాద్ ఇల్లు,
గోడ మీద ఒక నీలం గీత,
ఏ ఏటి వరదో అంకెలు చెరిగిపోయాయి,
"నీళ్లు ఇంతవరకు" అన్న మాట మాత్రం మిగిలింది.
విష్న్యా చెప్పులు విడిచి గోడకి వీపు ఆనిస్తుంది.
ఒబ్రాద్ చేపల కత్తి వెనక్కి తిప్పి
దాని నడినెత్తిన అడ్డంగా పెడతాడు.
మొదటిసారి గీతకి జానెడు కింద.
పోయిన చలికాలం నాలుగు వేళ్లు.
"ఇంకా మునుగుతావు" అంటాడు ముసలాయన ప్రతిసారీ,
అది పడీ పడీ నవ్వుతుంది.

నిన్న జల్లు పడుతోంది.
చెప్పులు విడిచింది, గోడకి ఆనుకుంది.
కత్తి పెట్టబోతూ ఒబ్రాద్ ఒక్క క్షణం ఆగాడు.
నేనూ చూశాను.
పొడుగు గౌను కింద
మోకాళ్లు కొంచెం, కొంచెమే, వంచి నిలబడింది.
ముఖం మాత్రం నిటారుగా.

ముసలాయన నావైపు చూడలేదు.
కళ్లు చికిలించి, కొలిచి, మళ్లీ కొలిచి,
"రెండు వేళ్లు తక్కువ" అన్నాడు.
"ఇంకా మునుగుతావు."
ఈసారి నవ్వలేదది.
"హమ్మయ్య" అంది.

స్టాపు దాకా తడుస్తూ నడిచాం.
వచ్చే శనివారం కాదు, ఆపై శనివారం,
ఎక్కడికెళ్దామని అడిగాను.
"బురుజెక్కుదాం" అంది,
"గుర్రానికి ఇంకా పేరు పెట్టలేదు."

బస్సు కదిలాక చూసుకుంటే
హంసలకని తెచ్చిన మొక్కజొన్న గింజలు
నా జేబులోనే ఉన్నాయి.
వెనక్కి రేవుకి వెళ్లాను.
చీకటి పడుతోంది, హంసలు లేవు.
అయినా వేశాను.