ఏసీ ఆపేసిన రాత్రి

ఫర్వానియాలో ఆగస్టు నెల.
రాత్రి రెండింటికి కూడా గోడ చెయ్యి పెట్టనివ్వదు.
పగలంతా ఊళ్ళోవాళ్ళ ఏసీలు బాగుచేసి వచ్చి
నా గదిలో ఏసీ నేనే ఆపేశాను,
పాప ఊపిరి వినబడాలని.
సలోమి ఏమీ అనలేదు.
తువ్వాలు తడిపి పిండి కిటికీకి కట్టింది.

కంప్రెసర్ చప్పుడు విని జబ్బు చెప్పేస్తాను నేను,
గ్యాసు తగ్గిందో, ఫ్యాను బేరింగు పోయిందో,
మూత విప్పకముందే.
పదహారేళ్ళు అరగదీసిన చెవి ఇది.
ఈ చెవి పక్కనే పడుకుని గురకపెట్టింది కెజియా.
నేను విన్నది గురకనే.
గురకకీ గురకకీ నడుమ ఖాళీని వినలేదు.

పక్క గది యోహాను బేకరీ డ్యూటీకి పోతూ నవ్వేవాడు:
"ఇంత పిల్లకి అంత గురకా! తిండి ఒంటబట్టింది లేప్పా."
ఫోనులో మా అమ్మ: "మీ నాయన పోలిక."
బడినించి చీటీ: కుదురు లేదు,
మధ్యాహ్నానికి బల్లమీదే నిద్ర.
పక్క తడిపిందని సలోమి ఒకరోజు గట్టిగా తిట్టింది.

పెద్దాసుపత్రి నిద్ర పరీక్షకి
తలనిండా తీగలు, పొట్టకి పట్టీలు,
రాత్రికి ఒక్కటే మంచం.
మా వంతు మార్చి పదిహేడు.

సూడాన్ డాక్టరమ్మ ఇహ్సాన్ సొరుగు లాగి
ఒక క్లిప్పు తీసింది,
బట్టలారేసే క్లిప్పుకంటే చిన్నది.
"వేలికి పెట్టండి, మూడు రాత్రులు.
ఛాతీ కనబడేట్టు ఫోనులో వీడియో కూడా.
ఇది ఉందంటే ఉన్నట్టే.
లేదంటే మాత్రం లేనట్టు కాదు,
అప్పుడు మార్చి దాకా ఆగుదాం."
నాకొచ్చింది ఏసీల అరబ్బీ:
వేడి, చల్లన, ఎంత, రేపు.
ఆమె చేతులు చూసి మిగతాది అర్థం చేసుకున్నాను.

మొదటి రాత్రి నిద్రలోనే పీకిపారేసింది.
రెండో రాత్రి కాలి బొటనవేలికి పెట్టి
పైన నా సాక్సు తొడిగాం.
సాక్సు అల్లికలోంచి
దానిమ్మగింజంత ఎరుపు.

మెడ వెనక్కి వంచి, నోరు తెరిచి,
గురక. గురక. గురక.
తర్వాత ఏమీ లేదు.
ఛాతీ ఎగుస్తోంది, గాలి కదలడంలేదు,
గడియపడిన తలుపుని లోపల్నించి ఎవరో తోస్తున్నట్టు.
లెక్కపెడుతున్నాను.
నేనూ ఊపిరి బిగబట్టానని పదకొండు దగ్గర తెలిసింది.
తొంభై ఆరు. తొంభై ఒకటి.
ఎనభై నాలుగు.
లేపబోయిన సలోమి చెయ్యి పట్టుకుని ఆపాను.
"ఉండు, రాసుకోనీ దాన్ని."
ఆ మాట అన్నది నేనే.
ఒక్క కుదుపుతో పాప
గదిలో ఉన్న గాలంతా గుక్కలో లాగేసుకుంది.

డాక్టరమ్మ కాగితం పరిచింది.
సాల్మీ రోడ్డులా చదునుగా పోతున్న గీత
పోయి పోయి గుంపులు గుంపులుగా గుంటల్లో పడింది.
"ఉంది. మార్చితో పని లేదు."
గొంతులో గడ్డలు, ముక్కు వెనక కండ,
తీసేస్తే చాలావరకు తగ్గుతుందట.
సలోమి గుంటల మీద వేలు నడుపుతూ
తెలుగులోనే అడిగింది ఆమెని:
"నేను తిట్టిన రాత్రి ఇందులో ఉండదు కదా?"
నేను అరబ్బీలోకి మార్చలేదు.
నా నాలుగు మాటల్లో అది పట్టదు.

క్లిప్పుని స్పిరిటు దూదితో తుడిచి
బయట కూర్చున్న ఫిలిప్పీన్ తల్లిని లోపలికి పిలిచారు.

ఆపరేషను ఆదివారం.
ఆ రాత్రి ఏసీ వేశాను.
చల్లబడింది గది, హాయిగా.
పావుగంట ఓర్చుకుని
లేచి మళ్ళీ ఆపేశాను.