తాడు ఒక్కటే

న్యూ హాంప్‌షైర్ ఉత్తరపు కొసన
ఇంకా తెల్లారని కొండ.
లిఫ్ట్ కదల్లేదు; కుర్చీలు వరసగా
ఒళ్ళో మంచు పెట్టుకుని వేలాడుతున్నాయి.
వెదురు గడల మోపు భుజాన వేసుకుని బయల్దేరతాను.
పంతొమ్మిది చలికాలాలుగా ఇదే కొలువు.

రాయి తేలిన చోట ఒక గడ.
మంచు చిమ్మే గొట్టానికి పసుప్పచ్చ పరుపు,
దెబ్బ తగలబోయే ఎత్తుకి సరిగ్గా.
వాగు మలుపులో, బాట అడవిలోకి చీలేచోట
నారింజరంగు తాడు, నడుమెత్తున,
గడకి రెండేసి ముళ్ళు.
జేబులో పుస్తకం తీసి రాస్తాను:
ఏడూ నలభై, తాడు సరిగా ఉంది.
పెన్సిల్‌తోనే. ఈ చలికి సిరా గడ్డకడుతుంది.

మా చట్టం అన్నదమ్ముల పంపకం లాంటిది:
నున్నటి గడ్డమంచు నీది, గాలి నీది,
చెట్టు మొద్దు, నేల తేలిన చోటు,
నీ వేగం, నీ తొందర, అన్నీ నీవి.
గుర్తులు నా వంతు, తాడు నా వంతు,
మంచు చదునుచేసే యంత్రం నెత్తిన దీపం నా వంతు.
ముందు పోయేవాడికి వీపున కళ్ళుండవు గనక
వెనక వచ్చేవాడే ఇద్దరి తరఫునా చూడాలి.
టికెట్ వెనక చీమల బారులా ఇదంతా ఉంటుంది.
చదివినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

కోల్బీ థిబోడోకి టికెట్ కూడా లేదు.
వాళ్ళమ్మ ఒడెట్ కొండ కింద వంటగదిలో సూపు పోస్తుంది;
ఉద్యోగి కొడుకు, పదిహేడేళ్ళు, ఊరికే ఎక్కొచ్చు.
ఫిబ్రవరిలో ఒక శనివారం, పదకొండు దాటాక,
తాడుకి అవతల వాగురాళ్ళ మధ్య
వాణ్ణి నా చేతులతోనే స్లెడ్డు మీద కట్టాను.
తుంటి ఎన్ని ముక్కలైందో అప్పుడు తెలీదు.
"మా అమ్మకి చెప్పకండి" అన్నాడు, అంతే.

ఇప్పుడు బల్లకి అటో లాయరు, ఇటో లాయరు.
తాడో పేడో తేల్చుకోడానికి వచ్చారు వాళ్ళు.
నా దగ్గరున్నది తాడు ఒక్కటే.

కంపెనీ లాయరు క్రౌథర్ ముందే చెప్పాడు:
అడిగినదానికే జవాబు. అంతకు మించొద్దు.
"ఏడూ నలభైకి తాడు కట్టి ఉందా?"
"ఉంది."
"ఎత్తు?"
"నడుము దాకా."
"పుస్తకంలో రాత మీదేనా?"
"నాదే."
ఒడెట్ తరఫు లాయరమ్మ గార్నో కాగితాలు తిప్పుతోంది.
పదీ ఇరవై ఆ కాగితాల్లో లేదు.

నాలో ఉంది.
చేతితొడుగు పారేసుకుని ఏడుస్తున్న పసిదాన్ని ఎత్తుకుని
పదీ ఇరవైకి అదే మలుపు దాటాను.
పొద్దుట్నించీ జానెడు మంచు పడింది,
గాలి ఇంకో జానెడు పోగేసింది.
తాడు ఎక్కడిదక్కడే ఉంది; నేలే పైకొచ్చింది,
తాడు మోకాలెత్తయింది.
చూశాను. వచ్చి కడదాం అనుకున్నాను.
కింద కాఫీ వేడిగా ఉంది.

అడక్కుండానే చెప్పాను.
టైపు చేసే మనిషి వేళ్ళు ఆగి, మళ్ళీ కదిలాయి.
క్రౌథర్ కళ్ళజోడు తీసి తుడిచాడు,
దాని మీద మరకేం లేదు.

బయట వరండాలో, చిప్స్ అమ్మే పెట్టె పక్కన
రెండు కర్రల మీద కోల్బీ.
"నాకు కనపడింది, మార్సెలా," అన్నాడు నేల చూస్తూ.
"నిప్పులా, ఎదురుగా. చూసే దూకాను."
కాస్త ఆగి,
"నడుమెత్తున ఉంటే దూకలేకపోయేవాణ్ణి."

ఈ మాట లోపల చెబుతావా అని నేనడగలేదు.
దాన్ని ఏ వాటాలో వెయ్యాలో కూడా నాకు తెలీదు.
ఒడెట్ ఎదురొచ్చి, ఆగి, పక్కనుంచి వెళ్ళిపోయింది.
ఆ వారమంతా నాకు సూపు పోసింది,
మాటలేదు, గిన్నె నిండా.

ఇవాళ మళ్ళీ మంచు.
పదీ ఇరవైకి వచ్చాను.
గడ్డకట్టిన ముళ్ళు పళ్ళతో విప్పి,
తాడు జానెడు పైకి జరిపి బిగించాను.
రాస్తుంటే పెన్సిల్ మొన విరిగింది.
గోటితో చెక్కి రాశాను: నడుమెత్తు.
ఎవరి నడుమో రాయలేదు.
పదకొండుకి మళ్ళీ రావాలి.