ఇంకో రూపాయి

పూర్ణా మార్కెట్ వెనక, ఉల్లిపాయల గొడౌను పక్క సందులో
మా సన్యాసిరావు మావయ్య పెట్టిన గేముల కొట్టు.
మూడు మెషీన్లు. ఒకదానికి ఎప్పుడూ జ్వరమే.
చిల్లర ఇవ్వడం నా పని.
పదకొండేళ్ళ గుంటని,
స్టూలెక్కితేగానీ గల్లాపెట్టె అందేది కాదు.

హార్బర్ నుంచి మాసేను వచ్చేవాడు,
చేతులకి వంజరం వాసన, జేబునిండా తడి రూపాయలు.
అద్దానికి అంటుకున్న చేప పొలుసుల్ని
రాత్రి గోటితో గీకేదాన్ని.
వాడెప్పుడూ పులితల వీరుడే.
నేను, మావయ్య భోజనానికి వెళ్ళిన అరగంటా,
విసనకర్ర పట్టిన తెల్లగౌను మనిషిని.
ఆమె పేరు జపాను అక్షరాల్లో ఉండేది.
చదవడం రాక
ఉక్కపోతమ్మ అని పెట్టేశాం.

కిందకి, పక్కకి, మళ్ళీ కిందకి, ఎర్ర గుండీ.
ఆమె గాల్లో లేచి విసనకర్ర విప్పితే
పులి తలకిందులు.
"ఏటే గుంటా, ఇది తొండి" అనేవాడు మాసేను.
ఇంకో రూపాయి వేసేవాడు.
తొమ్మిది, ఎనిమిది, ఏడు అని తెర లెక్కపెడుతుండగానే
చచ్చినవాడు దుమ్ము దులుపుకుని నిలబడేవాడు.

ఇరవై ఆరేళ్ళు.
నిన్న జగదాంబ దగ్గర హాల్లో అదే గేము, సినిమాగా.
తెలుగు డబ్బింగు. డ్రాగను కూడా బెజవాడ యాసే.
వెదురు కొనల మీద పరుగులు,
వాన చినుకుని కత్తితో నిలువునా చీల్చడం,
పక్క సీట్లో మాసేను, నెరిసిన గెడ్డంతో, ఈలలు.
నేను మాత్రం ఆమె కోసం చూస్తున్నాను.

వచ్చింది.
నాలుగు డైలాగులు, సగం పాట.
విసనకర్ర ఒక్కసారైనా పూర్తిగా విప్పలేదు.
ఇంటర్వెల్‌కి ముందు పులితలవాడి ఒళ్ళో చచ్చిపోయింది,
వాడికి కోపం రావడానికి.

నా బొటనవేలు పాప్‌కార్న్ డబ్బా మీద
కిందకి, పక్కకి, మళ్ళీ కిందకి.
అట్ట సొట్టపడింది.
తెర ఏమీ లెక్కపెట్టలేదు.
మాసేను ఈల మధ్యలోనే ఆగింది.
లైట్లు వెలిగాయి.

వరండాలో సమోసాల కోసం తోసుకుంటున్న జనం.
వాడు జేబులన్నీ తడిమాడు:
ఫోను, బండి తాళం, బోటు డీజిలు రశీదు.
"రూపాయి నేదే గుంటా," అన్నాడు
ముప్ఫై ఏడేళ్ళ నాతో.

బయట, పులితల వీరుడి నిలువెత్తు ఫ్లెక్సీని
బీచి వైపు నుంచి వచ్చిన గాలి
కింద నుంచి కొట్టింది, పక్క నుంచి,
మళ్ళీ కింద నుంచి.