అదను

దరఖాస్తులో మూడు గడులున్నాయి.
మొదటి ఎంపిక, రెండో ఎంపిక, మూడో ఎంపిక.
మిషేల్ ఫోను నా మోకాలి మీద ఆనించి
"తొందరగా చెప్పు పిన్నీ, చార్జింగ్ అయిపోతోంది" అంటుంది.
పొయ్యిలో బొగ్గు. గిన్నెలో ఉప్పు టీ.
బయట సున్నాకి ముప్పై రెండు మెట్లు దిగిపోయిన చలి.

జనవరిలో ఉలాన్‌బాతర్‌లో ఎవరూ ఏమీ కట్టరు.
గడియ పెట్టని తలుపుల్లా
క్రేన్లు గాలికి వాటంతటవే తిరుగుతుంటాయి.
వాటిలో ఒకటి నాది.
పదకొండేళ్లు, నలభై రెండు మీటర్ల ఎత్తున
ఒక అద్దాల గది, ఒక కుర్చీ,
మూత గట్టిగా పట్టే సీసా ఒకటి
(అదెందుకని మగవాళ్లెవరూ అడగరు).

"ఆర్కిటెక్చర్ పెట్టనా?"
వద్దే. బొమ్మ గీసినవాళ్లు ఏప్రిల్‌లో ఒక్కసారి వస్తారు,
తెల్ల హెల్మెట్, ఒక ఫోటో, బూట్లు దులుపుకుని పోతారు.
"సివిల్?"
లెక్కంటే నాకు గౌరవమే.
కానీ ఆ రోజు తప్పింది లెక్క కాదు.

ఏ రోజని అది అడగలేదు.
తర్వాతిది చదివింది: కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్.
ఐదేళ్లు, సాయంత్రం తరగతులు.
అంచనాలు, ఒప్పందాలు, భద్రత, కాలపట్టిక.
"ఇందులో కట్టేదేముంది పిన్నీ?"

పైనుంచి మనుషులు కనిపించరు మిషేల్.
పసుపు, నీలం, ఎరుపు హెల్మెట్లు,
వాటి మధ్య ఎదురుచూపు.
ఇటుక కోసం మేస్త్రీ, మేస్త్రీ కోసం వడ్రంగి,
గేటు దగ్గర పొట్ట తిప్పుకుంటూ మిక్సర్ లారీ,
లోపల బిగుసుకుపోతున్న గంటన్నర.
ఆరో అంతస్తులో రాని కిటికీ చట్రం
అంతస్తు అంతస్తూ దిగి వచ్చి
కింద ఎవడిదో శనివారం కూలీ తినేయడం చూశాను.
ఇల్లంటే ఇటుకలనుకునేదాన్ని.
సగం ఇల్లు వరసే.

నాలుగేళ్ల కిందట, అక్టోబరు ఇరవై మూడు.
మిట్టమధ్యాహ్నం మైనస్ తొమ్మిది.
ఒక్క స్లాబు మిగిలింది.
రేడియోలో గన్‌సుఖ్ గొంతు:
"ఎత్తు సొలొంగో, ఇదే ఆఖరు, పోసేసి టార్పాలిన్ కప్పేద్దాం."
అదను దాటింది. ఇక పదును రాదు.
చేతి తొడుగులోంచి కూడా నా వేళ్లకి తెలిసింది.
అయినా ఎత్తాను.
ఇరవై ఏడు బకెట్లు.
ఇంకేం చేయాలో తోచక లెక్కపెట్టాను.

మే నెలలో టార్పాలిన్ తీస్తే
నానిన బిస్కెట్టులా పెళ్లలు పెళ్లలుగా లేచింది.
ఎవరూ చావలేదు. పేపర్లో రాలేదు.
పద్దెనిమిది రోజులు సుత్తులతో పగలగొట్టారు.
ఆ పెళ్లల్ని కిందికి దింపిందీ నేనే.
గన్‌సుఖ్ చెడ్డవాడు కాదు.
అతనికీ పైనుంచి ఫోనొచ్చింది,
ఏనాడూ నిచ్చెనెక్కని పైనుంచి.

అందుకని ఆ సిలబస్ ఇంకోసారి చదువు.
"ఇవాళ వద్దు" అనడం
ఏ సెమిస్టర్లో నేర్పుతారో చూడు.

నిజంగానే వెతికింది, వేలితో పైకీ కిందికీ జరుపుతూ.
"అలాంటిది లేదు. కానీ ఐదో సెమిస్టర్లో
శీతాకాలపు పనులు అని ఉంది. రెండు క్రెడిట్లు."
రెండేనా?
"రెండే."
సరే, పెట్టు.

వయసు గడిలో ముప్పై ఎనిమిది కొట్టేటప్పుడు
దాని వేలు ఒక్క క్షణం ఆగింది, నేను చూడనట్టే ఉన్నాను.
భిన్నాలు మళ్లీ నేర్పుతానంది, గంటకి ఒక చాక్లెట్టు చొప్పున.
ఒప్పందాల పాఠం అప్పుడే మొదలైందన్నమాట.

రెండో గడిలోనూ అదే పెట్టమన్నాను.
ఫారం ఒప్పుకోలేదు, ఎర్ర అక్షరాలతో కసిరింది.
అయితే నీకిష్టమైంది పెట్టుకో అన్నాను.
ఆర్కిటెక్చర్ పెట్టింది, నవ్వుతూ.

టీ చల్లారింది. గాలి లేచింది.
నా క్రేను ఇప్పుడు ఎటు తిరిగి ఉందో
ఇక్కణ్ణుంచి కనిపించదు.