చిల్లర

నయీంనగర్ బ్రిడ్జి దిగినంక, ఎడమ దిక్కు,
బంద్ పెట్టిన జిరాక్స్ షాపు నీడల
పదకొండేండ్ల సంది నా గోలీసోడ బండి.
నీడ పొద్దుగాల పది దాక నాది,
తర్వాత ఎవలిదీ కాదు.

మే నెల మొదటి శనివారం
ఎదురుంగ అపార్ట్‌మెంటు గేటు కాడ
నలుగురు పిల్లలు టేబులు ఏసిండ్రు.
టేబులు మీద పూల దుప్పటి, గాజు జగ్గు,
చెప్పుల డబ్బకు రంగు కాయితం చుట్టి
మీద సన్నగ చీలిక.
అట్ట మీద ఏందో రాసి కట్టిండ్రు.
"ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగిన.
కండ్లద్దాల పిల్ల, హంసిక అట పేరు,
వేలు పెట్టి చదివింది:
"దాతృత్వ షర్బత్. గ్లాసు పది రూపాయలు.
ఎంజీఎంలో రక్తం ఎక్కించుకునే పిల్లల కోసం."
మొదటి మాట నాకు నోరు తిరగలే.
అంకె తిరిగింది: పది.
నాది పదిహేను.

కార్లు ఆగినయ్.
నా కాడ అద్దం దించి
పదికియ్యవా అని బేరమాడే కార్లు
అక్కడ డబ్బల ఐదు వందల నోటు ఏసి
"చిల్లర వద్దు నాన్నా, ఉంచుకో" అన్నయ్.
కార్లే అన్నయ్. మనుషులు నాకు కానరాలే.

ఆ పొద్దు నేను అమ్మింది పందొమ్మిది సోడలు.
ముందటి శనివారం డెబ్బై.
లెక్క చెప్తున్న, ఏడుస్తలే.

ఆళ్ల షర్బత్ తాగి చూసిన, పది ఇచ్చే తాగిన.
చేదు.
నిమ్మకాయను అరచేతి కింద పొర్లియ్యలే,
గింజలతోనే పిండిండ్రు,
ఉప్పు అసలే లేదు.
తాగినోళ్లంత సూపర్ అన్నరు.
నేను సుత అన్న. నోరు ఊకుంటదా.

పన్నెండింటికి ఆళ్ల ఐసు అయిపోయింది.
హంసిక తమ్ముడు, ఇంత పోరడు,
రోడ్డు అటు ఇటు చూసుకుంట వచ్చి
"సోడా ఆంటీ, ఐస్ ఉందా?"
ఉన్నది. గోనెసంచిల, పొట్టుల దాసిన సగం దిమ్మ.
నా పగటి బతుకంత గదే.
లేదని చెప్పెతందుకు నోరు తెరిచిన,
చెయ్యి పోయి సుత్తె పట్టుకుంది.
ముక్కలు తువ్వాలల కట్టిచ్చి
"గింజలు తీసి పిండుమను మీ అక్కను,
గ్లాసుకు చిటికెడు ఉప్పు" అన్న.
పిల్లగాడు మల్లొచ్చి నలభై రూపాయలిచ్చిండు.
నోటుబుక్కుల రాసుకున్నరట:
ఐసు, సోడా ఆంటీ, నలభై.
నా పేరు స్వరూప.
అడిగితే చెప్పేదాన్ని.

ఆదివారం ఉప్పేసిండ్రు. మంచిగయింది.
మంచిగయితే నాకింక నష్టం, ఎర్కనే.

నా చిన్నోడు సుత మూడేండ్ల కింద
ఎంజీఎంల తొమ్మిది రోజులున్నడు.
డెంగీ. మూడు సంచులు ఎక్కిచ్చిండ్రు,
పసుపుపచ్చగుంటయి ఆ సంచులు, నిమ్మరసం తీరు.
ఇచ్చినోళ్ల పేర్లు
నేను అడగలే.

పొద్దుగూకంగ డబ్బ చింపి లెక్కవెట్టిండ్రు.
పద్నాలుగు వేల మూడు వందల ఇరవై.
ఆళ్లు ఎగురుతుంటే నేను సీసలు కడుగుతున్న.
హంసిక రోడ్డు దాటొచ్చి
"ఆంటీ, పదిహేను వేలకి
ఆరు వందల ఎనభై తక్కువ" అన్నది.
అడగలే. చెప్పింది, గంతే.
కొంగు ముడి ఇప్పి నలభై తీసిచ్చిన.
ఆళ్ల నలభైయే.
"ఇగ ఆరు వందల నలభై" అన్న.

సోమారం టేబులు లేదు.
గేటు కాడ ఎండిన నిమ్మతొక్కలు ఏరుకొచ్చి
సీసల మూతులు తోమిన.
ఓ కారు ఆగింది. అద్దం దిగింది.
"ఇక్కడ పిల్లల షర్బత్ ఉండె కదా?"
"సేవ నిన్నటితోని అయిపోయింది సారు.
సోడ ఉన్నది."
తాగిండు. ఇరవై ఇచ్చిండు.
అద్దం ఎక్కియ్యకుంట చెయ్యి బైటనే పెట్టుకొని కూసున్నడు.
ఐదు రూపాయల బిళ్ల, తడి చేత్తోనే,
ఆయన అరచేతిల పెట్టిన.